ఆ కమాండ్ ఏ కంప్యూటర్‌లో కొట్టాలో చెప్పరేం?

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున మా మేనకోడలు సుబేదారి నుంచి స్కూటీ మీద వచ్చి, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి భోజనాల బల్ల మీద పెట్టి, "మామా, ఈ క్లౌడ్ నాకు రాదు, ఇడిసిపెడ్త" అంది. బీటెక్ మూడో సంవత్సరం. మార్కులు మంచివే, తెలివికి తక్కువేం లేదు. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే కంప్యూటర్లలో, ఉచితంగా దొరికే చిన్న సర్వర్ ఒకటి పెట్టుకుంది, దానిలోకి వెళ్లడానికి కీ ఫైల్ దించుకుంది. తర్వాతి మెట్టులో 'సీహెచ్‌మోడ్ 400' అని ఒక లైన్ ఉంది, అది కొడితే విండోస్ ఇదేంటో నాకు తెలీదు పొమ్మంది. సీహెచ్‌మోడ్ అనే సాఫ్ట్‌వేర్ తన ల్యాప్‌టాప్‌లో లేదేమో అనుకుంది పిల్ల. విండోస్ కోసం సీహెచ్‌మోడ్ డౌన్‌లోడ్ అని రెండు రోజులు వెతికి, ఏదో సైట్ నుంచి ఏదో దించుకుని, దానితో పాటు వచ్చిన యాడ్స్ చెత్త తీసేయడానికి మూడో రోజు పోగొట్టుకుంది.

ఆ లైన్ చేసే పని చాలా చిన్నది. లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రతి ఫైలుకీ ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అనే అనుమతులు అంకెల్లో చెప్పొచ్చు. 400 అంటే ఓనర్ ఒక్కడే చదవొచ్చు, మిగతావాళ్లెవరూ ముట్టకూడదు అని. కీ ఫైల్ అందరికీ తెరిచి ఉంటే ఎస్ఎస్‌హెచ్ (దూరాన ఉన్న సర్వర్‌లోకి మనల్ని తీసుకెళ్లే ప్రోగ్రాం) దాన్ని వాడనంటుంది, అందుకే ముందే తాళం వేయమంటారు. విండోస్‌లో అనుమతుల లెక్క వేరు. ఆ పనికి అక్కడ వేరే కమాండ్ ఉంది, లేదంటే ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌లోకి వెళ్లాలి. తమాషా ఏంటంటే, కీ ఫైల్ మన యూజర్ ఫోల్డర్‌లోనే ఉంటే విండోస్‌లో చాలాసార్లు ఈ మెట్టే అక్కర్లేదు, ఆ ఫోల్డర్ వేరే మామూలు యూజర్లకు ముందే మూసి ఉంటుంది. మా పిల్ల అన్నీ డీ డ్రైవ్‌లో పెట్టుకుంటుంది (సీ డ్రైవ్ నిండితే సిస్టం స్లో అవుతుందని మనందరికీ ఎవరో ఒకరు చిన్నప్పుడే చెప్పారు కదా), అక్కడి ఫైళ్లు మామూలుగా ఆ కంప్యూటర్‌లో లాగిన్ అయ్యే అందరికీ తెరిచే ఉంటాయి, కాబట్టి సీహెచ్‌మోడ్ గొడవ దాటినా ఎస్ఎస్‌హెచ్ దగ్గర మళ్లీ ఆగేది. ఆమె చదివిన పేజీలో ఈ ముక్క ఒక్కటీ లేదు.

నేను మడికొండలో ఒక ఆఫీసులో క్లౌడ్ సపోర్ట్ పని చేస్తాను. ఇలాంటివి వారానికి నాలుగైదు చూస్తాను. అడిగేవాళ్లు అందరూ మొదట అనే మాట ఒకటే: నేనేదో తప్పు చేశాను. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. డాక్యుమెంటేషన్ (ఏది ఎలా వాడాలో చెప్పే పేజీలు, వాడుకలో డాక్స్) రాసినాయన తన బల్ల మీద ఉన్న కంప్యూటర్‌నే లోకమంతటి కంప్యూటర్ అనుకుని రాశాడు, అంతే.

రామప్ప గుడికి దారి చెప్పమని ఎవరినైనా అడిగి చూడండి. వరంగల్ దాటండి, ములుగు మీదుగా వెళ్లండి, జంగాలపల్లి దగ్గర తిరగండి అంటారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి అది నూటికి నూరు పాళ్లు సరైన దారి. ఘనపురం కోటగుళ్ల దగ్గర నిలబడి ఉన్నవాడు ఆ దారి పట్టుకుంటే ఊరంతా చుట్టి వస్తాడు. గుడి పక్కనే ఉంది పాపం. దారి తప్పు కాదు, ఎక్కడి నుంచి బయల్దేరాలో చెప్పలేదు.

క్లౌడ్ పనిలో నిజానికి మూడు వేర్వేరు విషయాలు కలిసి ముడి పడి ఉంటాయి, వీటిని విడదీసుకోకపోతే ఏ వాదనా తెగదు. ఒకటి, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్. అది ఎక్కువగా లైనక్స్. రెండు, మీ ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్. మా దగ్గర పిల్లల చేతుల్లో చూసేవి దాదాపు అన్నీ విండోస్. మూడు, ఆ ల్యాప్‌టాప్‌లో మీరు కమాండ్ కొట్టే నల్ల కిటికీ, అంటే షెల్. విండోస్‌లో ఇదే రెండు మూడు రకాలు: పాత కమాండ్ ప్రాంప్ట్, పవర్‌షెల్, గిట్ (ప్రాజెక్టు ఫైళ్లని దించుకోవడానికి, వాటి మార్పుల్ని దాచుకోవడానికి వాడేది) దించుకున్నప్పుడు దానితో వచ్చే గిట్ బాష్. బాష్ అంటే లైనక్స్‌లో మామూలుగా వాడే షెల్. పవర్‌షెల్‌లో మళ్లీ విండోస్‌తో పాటే వచ్చే 5.1 ఒకటి, విడిగా దించుకునే 7 ఒకటి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకదాని భాష ఇంకోదానికి సగమే అర్థమవుతుంది, ఆ సగమే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు డాక్స్ రాసేవాడి వైపు నుంచి చూడండి. వాడి దగ్గర మ్యాక్‌బుక్ ఉంది, లేదా ఉబుంటు ఉంది. మ్యాక్ లోపల ఉన్నది యూనిక్స్ కుటుంబమే. అంటే వాడు తన బల్ల మీద కొట్టే కమాండ్, సర్వర్‌లోకి వెళ్లాక కొట్టే కమాండ్ రెండూ దాదాపు ఒకటే. ఇక్కడి నుంచి అక్కడికి దాటానన్న సంగతే వాడికి తెలియదు! రెండు కంప్యూటర్లు ఉన్నాయన్న తేడా వాడి కంటికి ఆనదు కాబట్టి, ఈ లైన్ మీ ల్యాప్‌టాప్‌లో, ఈ లైన్ సర్వర్‌లో అని రాయాలన్న ఆలోచనే రాదు. వాడికి విండోస్ అంటే కోపమేం లేదు. విండోస్ వాడేవాడికి మాత్రం ప్రతి మెట్టులోనూ గడప తగులుతుంది.

దీనికి చరిత్ర కూడా తోడైంది. అమెజాన్ 2006లో ఈసీ2 అనే సర్వర్ల అద్దె సేవ మొదలుపెట్టినప్పుడు అద్దెకిచ్చింది లైనక్స్ మెషీన్లే, విండోస్ సర్వర్లు వచ్చింది 2008 అక్టోబర్‌లో. 2013లో డాకర్ వచ్చింది, ప్రోగ్రాంని దానికి కావాల్సిన సరంజామాతో కలిపి కంటైనర్‌లో విడిగా నడిపే సాధనం. కంటైనర్ అంటే ఏదో మాయ పెట్టె కాదు, లైనక్స్ కెర్నెల్‌లోనే (అంటే దాని గుండెకాయలోనే) ఉన్న నేమ్‌స్పేస్‌లు, సీగ్రూప్‌లు అనే సదుపాయాల మీద కట్టిన ఏర్పాటు. 2014లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటీస్, చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపించే ఏర్పాటు, ఆ పునాది మీదే లేచింది. అందులో విండోస్ సర్వర్లను కూడా పని మెషీన్లుగా పూర్తి స్థాయిలో కలుపుకోవడం 2019లో 1.14 వెర్షన్‌తో కుదిరింది, దాన్ని నడిపించే మెదడు భాగం మాత్రం ఇవాళ్టికీ లైనక్స్ మీదే నడుస్తుంది. ఇలాంటి చోట డాక్స్ లైనక్స్ వాసన కొట్టకుండా ఎలా ఉంటాయి?

అక్కడితో కథ అయిపోతే ఇది పక్షపాతం అనడానికి కూడా నాకు మనసొప్పేది కాదు. తలకిందులుగా ఇంకో కథ ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ 2010 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని పేరు విండోస్ అజూర్. పేరులోనే విండోస్. లైనక్స్ వర్చువల్ మెషీన్లు (అద్దెకు దొరికే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) అందులోకి వచ్చింది 2012లో, పేరు మైక్రోసాఫ్ట్ అజూర్‌గా మారింది 2014లో, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈఓ అయిన ఏడాది. పవర్‌షెల్ 2016లో ఓపెన్ సోర్స్ అయి లైనక్స్ మీదికీ మ్యాక్ మీదికీ వచ్చింది. ఇవాళ అజూర్‌లో కస్టమర్లు వాడే ప్రాసెసర్ కోర్లలో సగానికి పైగా లైనక్స్‌వే. ఇంత మారినా పాత పేజీల్లో ఆ మొదటి రోజుల ముద్ర పోలేదు: ముందు విజువల్ స్టూడియోలో ఇది నొక్కండి, తర్వాత పవర్‌షెల్‌లో ఇది కొట్టండి, అడుగున ఎక్కడో బాష్. ఎస్‌క్యూఎల్ డేటాబేస్ గురించి చదువుతుంటే ఆ డేటాబేస్‌ని చూసుకునే ఎస్ఎస్ఎంఎస్ అనే ప్రోగ్రాం తెరవండి అంటారు, అది విండోస్ మీద తప్ప నడవదు. వర్చువల్ మెషీన్‌కి కనెక్ట్ అవ్వండి అని రాసి బొమ్మలో రిమోట్ డెస్క్‌టాప్ చూపిస్తారు. ఉబుంటు ల్యాప్‌టాప్ వాడేవాడు ఇక్కడ సరిగ్గా మా పిల్ల పడిన తిప్పలే పడతాడు.

కాబట్టి ఎవరు రాస్తే వాళ్ల వైపు వంగుతుంది. లైనక్స్ వాళ్లు మంచివాళ్లు, విండోస్ వాళ్లు చెడ్డవాళ్లు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. మన దగ్గరి సంగతే చూడండి. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లు తెచ్చుకున్న జిరాక్సు నోట్సు చాలా ఏళ్లు హనుమకొండ హాస్టళ్లలో చేతులు మారింది, దానిలో సర్వర్‌లోకి వెళ్లడం అంటే విండోస్‌లో ఎస్ఎస్‌హెచ్ పని చేసిపెట్టే పుట్టీ దించుకో, పుట్టీజెన్‌తో కీ ఫైల్‌ని మార్చుకో అని మొదలవుతుంది. అదంతా విండోస్ వాడి దారి. మ్యాక్ ఉన్న కుర్రాడు ఎవడైనా ఆ నోట్సు పట్టుకుంటే వాడికి పుట్టీ ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కోవాల్సిందే, వాడి టెర్మినల్‌లో ఎస్ఎస్‌హెచ్ పుట్టుకతోనే ఉంది మరి. విండోస్ 10లో కూడా 2018 నుంచి ఎస్ఎస్‌హెచ్ దానంతటదే వస్తోంది. నోట్సులో మాత్రం ఇంకా పుట్టీయే.

ఇక షెల్ సంగతి. నా అనుభవంలో మనుషులు నిజంగా ఏడ్చేది ఇక్కడే.

పొడుగు కమాండ్‌ని రెండు మూడు లైన్లలో రాయాలంటే బాష్‌లో లైన్ చివర బ్యాక్‌స్లాష్ (\) పెడతారు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ పనికి టోపీ గుర్తు (^), పవర్‌షెల్‌లో కీబోర్డులో ఎడమ వైపు మూలన దాక్కున్న బ్యాక్‌టిక్ (`). డాక్స్‌లో ఉన్న ఐదు లైన్ల బాష్ కమాండ్‌ని పవర్‌షెల్‌లో పేస్ట్ చేస్తే మొదటి లైన్ సగం కమాండ్‌గానే వెళ్లిపోతుంది, రెండో లైన్ రెండు అడ్డగీతలతో మొదలవుతుంది కాబట్టి పవర్‌షెల్ దాన్ని లెక్కల్లో మైనస్ గుర్తు అనుకుని, గుర్తు తర్వాత అంకె ఏది అన్నట్టు ఒక ఎర్రర్ ఇస్తుంది. క్లౌడ్ నేర్చుకుందామని కూర్చున్న పిల్లకి మైనస్ గుర్తు గురించి ఎర్రర్ వస్తే ఏం అర్థమవుతుంది?

పాస్‌వర్డ్‌లాంటిది ముందే ఒక పేరుతో దాచుకోమంటారు. బాష్‌లో ఎక్స్‌పోర్ట్, కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్, పవర్‌షెల్‌లో డాలర్ గుర్తు పెట్టి ఎన్వ్. ఇంతవరకు గూగుల్‌లో దొరుకుతుంది. దొరకనిది ఏంటంటే, బాష్‌లో విలువకు చుట్టూ పెట్టిన డబుల్ కోట్స్ విలువలోకి చేరవు, కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్‌తో పెడితే చేరతాయి. అంటే మీ పాస్‌వర్డ్‌కు అటొకటి ఇటొకటి రెండు అక్షరాలు అంటుకుని సర్వర్‌కు వెళ్తాయి, సర్వర్ పాస్‌వర్డ్ తప్పు అంటుంది, మీరు పాస్‌వర్డ్ మార్చి మళ్లీ అదే పద్ధతిలో పెడతారు, మళ్లీ తప్పు అంటుంది. ఈ ఒక్క దాని మీద ఒక అబ్బాయి పూర్తి రాత్రి గడపడం నేను చూశాను. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే ఇంకా దారుణం, ఆ ఖాళీ కూడా పేరులో భాగమైపోతుంది, ఇప్పుడు ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

జేసన్ సంగతి చెప్పకుండా ఉండలేను. క్లౌడ్ కమాండ్లకు సెట్టింగులు జేసన్ రూపంలో, అంటే పేరు, దాని విలువ జతలుగా రాసే పద్ధతిలో, ఇవ్వాల్సి వస్తుంది, దానిలో డబుల్ కోట్స్ లేకుండా పని జరగదు. బాష్‌లో మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో చుట్టేస్తే లోపలివి క్షేమం. కమాండ్ ప్రాంప్ట్‌కి సింగిల్ కోట్స్ అంటే అసలు లెక్కే లేదు, బయట డబుల్ కోట్స్ పెట్టి లోపల ఉన్న ప్రతి డబుల్ కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టుకుంటూ పోవాలి. పవర్‌షెల్ సింగిల్ కోట్స్‌ని గౌరవిస్తుంది, కానీ 5.1 వెర్షన్ ఆ ముక్కని బయటి ప్రోగ్రాంకి అందించేటప్పుడు లోపలి డబుల్ కోట్స్‌ని మింగేస్తుంది. తెర మీద మీకు అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, అవతలి ప్రోగ్రాంకి చేరేసరికి కోట్స్ ఉండవు, అది జేసన్ తప్పు అంటుంది. 7.3 నుంచి ఈ తీరు మార్చారు. ల్యాప్‌టాప్‌తో వచ్చేది మాత్రం 5.1. అందుకే నేను అందరికీ చెప్పేది, జేసన్‌ని కమాండ్‌లో రాయొద్దు, ఒక ఫైల్‌లో పెట్టి ఆ ఫైల్ పేరు ఇవ్వండి. ఫైల్‌ని కూడా 5.1లో బాణం గుర్తుతో (>) తయారు చేయొద్దు, అది యూటీఎఫ్-16 అనే అక్షరాల కోడ్‌లో రాస్తుంది, యూటీఎఫ్-8 కోసం ఎదురుచూసే ప్రోగ్రాం ఆ ఫైల్‌ని చూసి తెల్లమొహం వేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసుకోండి, అది నయం.

విండోస్‌లో ఉంటూ బాష్ కావాలంటే గిట్ బాష్ వాడుకో అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది, నేనూ ఇచ్చేవాడిని. అజూర్‌లో ప్రతి వనరుకూ ఉండే పొడుగాటి చిరునామా ముందుకు వంగిన గీత (/) పెట్టి సబ్‌స్క్రిప్షన్స్ అని మొదలవుతుంది. గిట్ బాష్ అతి తెలివికి పోయి, గీతతో మొదలైంది కదా, ఇదేదో లైనక్స్ ఫోల్డర్ దారి అయి ఉంటుంది, విండోస్ వాడికి అర్థమయ్యేలా మారుద్దాం అనుకుని, దాని ముందు సీ డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైల్స్‌లో గిట్ ఫోల్డర్ దారి తగిలిస్తుంది. అజూర్‌కి ఆ చిరునామా చేరేసరికి అది ఏ ఊరి చిరునామానో ఎవరికీ తెలీదు. అమెజాన్‌లో లాగ్ గ్రూపుల (ప్రోగ్రాంలు రాసుకునే చిట్టాల) పేర్లు కూడా చాలావరకు గీతతోనే మొదలవుతాయి, అక్కడా ఇదే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌ని, మైక్రోసాఫ్ట్ విండోస్ మీద నుంచి, లైనక్స్ అలవాటున్న కిటికీలో నడపబోతే మూడూ కలిసి మనల్ని ముంచుతాయన్నమాట. ఆ మార్పిడి ఆపే సెట్టింగ్ ఉంది, ఎంసిస్ నో పాత్‌కన్వ్ అని, అది తెలిసేసరికి సగం జీవితం అయిపోతుంది.

వెబ్ చిరునామా నుంచి డేటా తెచ్చే కర్ల్ గురించి ఒక్క మాట. పవర్‌షెల్ 5.1లో కర్ల్ అని కొడితే నడిచేది కర్ల్ కాదు, ఇన్‌వోక్ వెబ్‌రిక్వెస్ట్ అనే ఇంకో కమాండ్‌కి అది ముద్దుపేరు. అసలు కర్ల్ కూడా విండోస్‌లో ఉంది, చివర చుక్క పెట్టి ఈఎక్స్ఈ అని కొడితేనే పలుకుతుంది.

వీటన్నిటిలోకీ ఘోరమైనది కంటికి కనిపించనిది. పాత టెలిటైప్ యంత్రాల్లో కొత్త లైన్ మొదలవ్వాలంటే రెండు పనులు జరగాలి, అచ్చు వేసే భాగం ఎడమ అంచుకు వెనక్కి రావాలి, కాగితం ఒక లైన్ పైకి జరగాలి. ఆ రెండింటికీ రెండు సంకేతాలు, 13, 10. డాస్, దాని వెనకే విండోస్ రెండింటినీ ఉంచుకున్నాయి. యూనిక్స్ 10 ఒక్కటి చాలనుకుంది. యంత్రాలు పోయి ఎన్నేళ్లయిందో, ఆ 13 మాత్రం ఇవాళ్టికీ మన పనులు చెడగొడుతోంది. విండోస్‌లో గిట్‌ని మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే, దించుకునే ప్రతి టెక్స్ట్ ఫైల్‌లోనూ లైన్ చివరలను విండోస్ పద్ధతికి మార్చి ఇస్తుంది. మీరు డాక్స్‌లో చెప్పినట్టే ప్రాజెక్టు దించుకుంటారు, డాక్స్‌లో చెప్పినట్టే డాకర్ ఇమేజ్ (కంటైనర్‌కి అచ్చు) కడతారు, అది తప్పులేకుండా కట్టుకుంటుంది, నడిపితే మాత్రం కంటైనర్ పుట్టిన వెంటనే చస్తుంది. కారణం ఏంటని చూస్తే ఫలానా ఫైల్ లేదు అంటుంది. ఫైల్ అక్కడే ఉంది! మీరు కళ్లారా చూస్తున్నారు! జరిగిందేంటంటే, ఆ స్క్రిప్ట్ మొదటి లైన్‌లో నన్ను బాష్‌తో నడపండి అని ఉంటుంది, ఆ లైన్ చివర కనపడని 13 అంటుకుని ఉండడంతో లైనక్స్ బాష్ కోసం కాకుండా, బాష్ తర్వాత ఏదో తోక ఉన్న ప్రోగ్రాం కోసం వెతుకుతుంది. అది లేదు. లేనిది మీ ఫైల్ కాదు, ఆ తోక ఉన్న బాష్. మా ఆఫీసులో ఒక క్లయింట్ పని ఈ ఒక్క అక్షరం వల్ల రోజంతా ఆగిపోయింది, సాయంత్రం ఎవరో ఎడిటర్ కింద మూలన ఉన్న సీఆర్ఎల్ఎఫ్ (13, 10 రెండూ) అనే మాట మీద నొక్కి ఎల్ఎఫ్ (10 ఒక్కటే) చేస్తే అయిపోయింది. ప్రాజెక్టులో గిట్ యాట్రిబ్యూట్స్ అనే చిన్న ఫైల్ పెట్టి, స్క్రిప్టులన్నీ ఎల్ఎఫ్‌గానే ఉండాలి అని ఒక లైన్ రాసేస్తే ఇది మళ్లీ రాదు. ఆ లైన్ రాయాల్సింది విండోస్ వాడేవాడు కాదు, ప్రాజెక్టు పెట్టినవాడు. తన దగ్గర సమస్య రాదు కాబట్టి వాడు రాయడు.

మ్యాక్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. ఫైల్‌లో మాటలు మార్చే సెడ్ అనే కమాండ్‌తో ఫైల్‌ని అక్కడికక్కడే మార్చే లైన్ ఉబుంటులో పనిచేసినట్టు మ్యాక్‌లో పనిచేయదు, దానికి ఖాళీ కోట్స్ జత ఒకటి అదనంగా ఇవ్వాలి. బేస్64, డేట్ లాంటి కమాండ్లలోనూ తేడాలున్నాయి. ఫైల్ పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాని మ్యాక్ కూడా మామూలుగా పట్టించుకోదు, సర్వర్ పట్టించుకుంటుంది, కాబట్టి బల్ల మీద నడిచినది అక్కడ పడిపోవడం వాళ్లకూ మామూలే.

ఇక్కడ ఆన్‌లైన్‌లో అందరూ చెప్పే జవాబు ఒకటుంది: డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకో, గొడవ వదిలిపోతుంది. విండోస్ లోపలే నిజమైన లైనక్స్ నడిపే ఏర్పాటు అది, 2016లో మొదలై, 2019లో ప్రకటించిన రెండో తరంలో అసలు లైనక్స్ కెర్నెల్‌తోనే వస్తోంది. మంచి సాధనం, నేను రోజూ వాడతాను. కానీ ఆ సలహా ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాలి. ఇక్కడ చాలామంది పిల్లల ల్యాప్‌టాప్‌లో ఉండేది 8 జీబీ ర్యామ్, డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా అందులో సగం దాకా తీసుకోగలదు, మీద డాకర్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఫ్యాన్ విమానంలా మోగుతుంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతూనే వచ్చే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయమంటే భయపడేవాళ్లున్నారు, ల్యాబ్ కంప్యూటర్‌లో అయితే అడ్మిన్ పాస్‌వర్డే ఉండదు. నీ ఇల్లు మార్చుకో అప్పుడు మా దారి సరిపోతుంది అన్నట్టుంటుంది ఆ జవాబు. దానికన్నా బ్రౌజర్‌లోనే వచ్చే క్లౌడ్ షెల్ నయం. గూగుల్, అజూర్, అమెజాన్ మూడింటికీ ఉంది. ట్యాబ్ తెరిస్తే లైనక్స్, డాక్స్‌లో లైన్ అలాగే పేస్ట్ చేస్తే నడుస్తుంది, గూగుల్ దాంట్లో మన ఫైళ్లకు 5 జీబీ, అమెజాన్ దాంట్లో ఒక్కో రీజియన్‌కు 1 జీబీ చోటు కూడా ఇస్తారు. మా మేనకోడలికి ఆ ఆదివారం నేను మొదట తెరిచి చూపించింది అదే.

అలాగని డాక్స్‌లో లైనక్స్ కనిపించిన ప్రతిచోటా పక్షపాతం అనడం కూడా అన్యాయం. సర్వర్ లైనక్స్ అయినప్పుడు సర్వర్‌లో కొట్టాల్సిన లైన్ లైనక్స్‌లోనే ఉంటుంది, దాన్ని నేర్చుకోవాల్సిందే, దానికి విండోస్ ట్యాబ్ అడగడంలో అర్థం లేదు. నా ఫిర్యాదు బల్ల మీది కంప్యూటర్ గురించి మాత్రమే. అక్కడ కూడా మూడు ట్యాబులు పెట్టేస్తే పని అయిపోదు. అమెజాన్ కమాండ్ లైన్ గైడ్‌లో కోట్స్ గురించి మూడు షెల్స్‌కీ విడివిడిగా రాశారు, అది చదవదగ్గ పేజీ. కుబర్నెటీస్ వాళ్లు క్యూబ్‌సీటీఎల్ అనే తమ కమాండ్ ఇన్‌స్టాల్ చేయడానికి లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింటికీ మూడు పేజీలు పెట్టారు, జేసన్‌లోంచి కావాల్సిన ముక్క తీసే జేసన్‌పాత్ పేజీలో విండోస్‌లో సింగిల్ కోట్స్ బదులు డబుల్ కోట్స్ పెట్టాలి అని నోట్ రాశారు. మరి కొన్నిచోట్ల ట్యాబ్ ఉంటుంది, లోపల సరుకు పాతది. బాష్ లైన్‌ని తీసుకుని బ్యాక్‌స్లాష్‌ల బదులు బ్యాక్‌టిక్‌లు పెట్టి, కోట్స్‌ని అలాగే వదిలేసి పవర్‌షెల్ అని పేరు పెట్టిన ట్యాబులు నేను చాలా చూశాను. ఒక్కసారి కూడా ఎవరూ నడిపి చూడలేదని ఆ లైనే చెబుతుంది. మూడు రకాలుగా రాస్తే మూడింటినీ ప్రతి వెర్షన్‌కీ నడిపి చూడాలి, ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు. నన్నడిగితే అబద్ధపు ట్యాబ్ కన్నా, పేజీ మీద ఇవన్నీ ఉబుంటులో బాష్‌లో నడిపి చూసినవి, విండోస్‌లో చూడలేదు అని ఒక లైన్ రాయడం ఎంతో మర్యాద.

చాట్‌బాట్‌ని అడిగితే సరి కదా అంటారు. వాటికి చదువు చెప్పింది కూడా ఈ డాక్స్‌లే. విండోస్ 11, పవర్‌షెల్ 5.1 అని చెప్పి అడగండి. చెప్పకపోతే బాష్ ఇస్తుంది, ఒక్కోసారి సగం బాష్ సగం పవర్‌షెల్ కలిపి ఇస్తుంది, అది ఏ షెల్‌లోనూ నడవదు.

చదివేవాడి చేతిలో ఉన్నది ఒక చిన్న అలవాటు. లైన్ కాపీ చేసే ముందు దాని మొదటి గుర్తు చూడాలి. డాలర్ గుర్తుతో మొదలైతే మామూలుగా బాష్, హ్యాష్ అయితే లైనక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్ (ఆ గుర్తుల్ని కాపీ చేయకూడదు, అవి కమాండ్‌లో భాగం కాదు, కొత్తవాళ్లు సగం మంది ఇక్కడే పడతారు), పీఎస్ అని ఉంటే పవర్‌షెల్. ఏదీ లేకపోతే లైన్ చివరలు చూడాలి, బ్యాక్‌స్లాషా, టోపీనా, బ్యాక్‌టిక్కా. ఆ తర్వాత నేనిప్పుడు ఎక్కడున్నానని తన కిటికీ చూసుకోవాలి. ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లాక కిటికీ విండోస్‌దే అయినా లోపల ఉన్నది లైనక్స్, అక్కడ పవర్‌షెల్ లైన్ కొట్టినా ఇబ్బందే. తప్పున్న పేజీ కనిపిస్తే చెప్పడానికీ దారి ఉంది. కుబర్నెటీస్ డాక్స్, మైక్రోసాఫ్ట్ డాక్స్‌లో చాలా భాగం గిట్‌హబ్‌లో ఉన్నాయి, ఎవరైనా సవరణ పంపొచ్చు. అమెజాన్ పేజీల మీద ఫీడ్‌బ్యాక్ బటన్ ఉంటుంది.

మా పిల్ల క్లౌడ్ ఇడిసిపెట్టలేదు. దసరా సెలవుల్లో జూనియర్ల కోసం కూర్చుని సర్వర్ పెట్టుకోవడం దగ్గరి నుంచి వెబ్‌సైట్ నడపడం దాకా తెలుగులో పద్నాలుగు పేజీలు రాసింది. కీ ఫైల్ యూజర్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి, డీ డ్రైవ్‌లో వద్దు అని మొదటి పేజీలోనే లావు అక్షరాల్లో. ప్రతి కమాండూ తన ల్యాప్‌టాప్‌లో నడిపి చూసి, తెర ఫొటో పెట్టి రాసింది. నాకు పంపితే చదివి, బాగుందన్నాను, నిజంగానే బాగుంది. వారం తర్వాత ఫోన్ చేసింది.

"మామా, ఒక జూనియర్ ఫోన్ చేసిండు. వాళ్ల అన్న వాడిన పాత మ్యాక్ ఉందట వానికాడ. రెండో పేజీల్నే ఆగిపోయిందట."

"ఎక్కడ?"

"బ్యాక్‌టిక్ కాడ" అంది.